‘వెరీ’ వేరు – ‘టూ’ వేరు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వారు అడిగినప్పుడు ఏమి రాయాలా అని చాలాసేపు ఆలోచించాం. హాస్టల్ జ్ఞాపకాలు రాసేవారు ఎలాగూ ఉంటారు. ఆదివారం సాయంత్రాలు మీకు ఇంగ్లీషు చెప్పడానికి వస్తున్న మాకు, మీ నోటుపుస్తకాలు దిద్దేటప్పుడు మళ్ళీ మళ్ళీ కనిపించే ఒక తప్పు గురించి రాస్తే ఉపయోగంగా ఉంటుందనిపించింది. ఆ తప్పు మీరొక్కరే చేస్తున్నది కాదు. మీ వయసులో మేమూ చేశాం. చేసి, ఒక మంచి మనిషిని ఇబ్బందిలోకి నెట్టాం.

మేము తొమ్మిదో తరగతి చదువుతున్న రోజుల మాట. ఒక సాయంత్రం తనిఖీకి పై అధికారి ఒకరు వచ్చారు. స్టడీ అవర్‌లో అందరం వరసగా కూర్చుని ఉన్నాం. మీ వార్డెన్ ఎలాంటివారని ఆయన ఇంగ్లీషులో అడిగారు. మాలో ఇంగ్లీషు బాగా వచ్చని పేరున్నవాడు లేచి నిలబడి, “అవర్ వార్డెన్ ఈజ్ టూ స్ట్రిక్ట్ సర్” అన్నాడు. మేమందరం తలలూపాం. మా ఉద్దేశం వార్డెన్ గారిని పొగడడమే. తెల్లవారుజామున నాలుగున్నరకే లేపి, పక్కనే కూర్చుని చదివించే మనిషి ఆయన. కానీ అధికారి గారి ముఖం మారిపోయింది. మాలో ఒక్కొక్కరినే పక్కకు పిలిచి, కొడుతున్నారా, తిండి సరిగ్గా పెడుతున్నారా అని తెలుగులో అడగడం మొదలుపెట్టారు. అసలు సంగతి తేలేసరికి గంట పట్టింది. ఆ గంటసేపూ వార్డెన్ గారు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

అధికారి గారు వెళ్ళిపోయాక ఆయన మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. భోజనాలయ్యాక నల్లబల్ల మీద రెండు మాటలు రాశారు: ‘వెరీ’, ‘టూ’. “ఈ రెండింటికీ తేడా తెలిసేదాకా ఇవాళ ఎవరూ పడుకోవద్దు” అన్నారు. ఆ రాత్రి విన్న పాఠానికి తరువాత మేము నేర్చుకున్నది కొంత కలిపి ఇక్కడ రాస్తున్నాం.

1. తేడా ఎక్కడుంది?

‘వెరీ’ అంటే ‘చాలా’ అనీ, ‘టూ’ అంటే ‘ఇంకా చాలా’ అనీ మనలో ఎక్కువమంది అనుకుంటారు. వెరీ గుడ్ కంటే టూ గుడ్ పెద్ద మెప్పు అని మన లెక్క. ఆ లెక్క తప్పు. ‘వెరీ’ ఒక గుణం ఎక్కువగా ఉందని మాత్రమే చెబుతుంది. ‘టూ’ ఆ గుణం ఒక హద్దు దాటిపోయిందని, దాని వల్ల పని చెడుతుందని చెబుతుంది. తెలుగులో దానికి సరిపోయే మాట ‘చాలా’ కాదు, ‘మరీ’.

చలికాలంలో స్నానానికి పోతూ “నీళ్ళు చాలా వేడిగా ఉన్నాయి” అని ఎవరైనా అంటే మనకు సంతోషం. “నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయి” అంటే మాత్రం చన్నీళ్ళ కోసం వెతుక్కుంటాం. మొదటిది ‘వెరీ హాట్’, రెండోది ‘టూ హాట్’.

భోజనాల దగ్గర దీన్ని ఇంకా బాగా గమనించవచ్చు. వడ్డించేవారు గరిటె పట్టుకుని “చాలా? ఇంకా వెయ్యాలా?” అని అడుగుతారు. అక్కడ ‘చాలా’ అంటే సరిపోతుందా అని ప్రశ్న. మనం మూడు రకాలుగా జవాబు చెప్పవచ్చు.

చాలదు – నాట్ ఇనఫ్.
చాలు – ఇనఫ్.
మరీ ఎక్కువైంది – టూ మచ్.

ఈ మూడూ మన ఆకలిని బట్టి చెప్పే మాటలు. ‘వెరీ’కి ఆకలితో పని లేదు. కంచంలో అన్నం ఎక్కువగా ఉంటే, తినేవాడు ఎవరైనా, చూసినవాడు ‘వెరీ’ అనేస్తాడు. ‘టూ’ అనాలంటే తినేవాడు ఎవరో, వాడి ఆకలి ఎంతో తెలియాలి.

యూనిఫాం సంగతే తీసుకోండి. కుట్టి వచ్చిన చొక్కా ఆరో తరగతి పిల్లవాడికి మోకాళ్ళ దాకా వచ్చింది. వాడికది ‘టూ లూజ్’. అదే చొక్కా పదో తరగతి అన్న వేసుకుంటే సరిగ్గా సరిపోయింది. చొక్కా మారలేదు. దాన్ని ఎవరితో పోల్చి కొలిచామో అది మారింది. కాబట్టి ‘టూ’ అన్న మాట విన్నప్పుడల్లా, “దేనికి మరీ? ఎవరికి మరీ?” అని అడగడం అలవాటు చేసుకోండి.

2. ‘టూ’ లోపల దాగిన ‘నాట్’

పదో తరగతి పరీక్షకు చదివే వారందరికీ తెలిసిన వాక్యం ఒకటి ఉంది.

హి ఈజ్ టూ వీక్ టు వాక్.

అతను నడవలేనంత నీరసంగా ఉన్నాడు అని దీనికి అర్థం. ఇంగ్లీషు వాక్యంలో ‘నాట్’ ఎక్కడా కనిపించదు. అయినా తెలుగులోకి వచ్చేసరికి ‘నడవలేనంత’ అని ‘లే’ వచ్చి చేరింది. అంటే ‘లేదు’, ‘కాదు’ అన్న అర్థం ‘టూ’ లోపలే దాగి ఉందన్నమాట. ‘టూ’ తీసేసి రాయమని అడిగినప్పుడు ఆ దాగిన మాట బయటికి వస్తుంది.

హి ఈజ్ సో వీక్ దట్ హి కెనాట్ వాక్.

దీనికి ఇంకొక రుజువు చూడండి. “హి వజ్ టూ టైర్డ్ టు ఈట్ ఎనీథింగ్” అంటారు. ‘ఎనీథింగ్’ ఇలాంటి చోట మామూలుగా ‘నాట్’ ఉన్న వాక్యంలోనే వస్తుంది. ఇక్కడ ‘నాట్’ కనిపించకపోయినా అది వచ్చిందంటే, ‘టూ’ లోనే ‘నాట్’ ఉన్నట్టు.

వాక్యం మార్చేటప్పుడు నాలుగు విషయాలు గుర్తుంచుకోవాలి.

(అ) ‘టూ’, ‘టు’ ఉన్న వాక్యంలో మళ్ళీ ‘నాట్’ పెట్టకూడదు. “టూ వీక్ టు నాట్ వాక్” అని రాస్తే మార్కు పోవడమే కాదు, అర్థం కూడా తలకిందులవుతుంది.

(ఆ) కాలం చూసుకోవాలి. ‘ఈజ్’ ఉంటే ‘కెనాట్’, ‘వజ్’ ఉంటే ‘కుడ్ నాట్’.

(ఇ) “ది టీ ఈజ్ టూ హాట్ ఫర్ మి టు డ్రింక్” అన్న వాక్యాన్ని మారిస్తే “ది టీ ఈజ్ సో హాట్ దట్ ఐ కెనాట్ డ్రింక్ ఇట్” అవుతుంది. చివర ‘ఇట్’ కొత్తగా వచ్చి చేరింది. మీలో పదిమంది రాస్తే ఏడుగురు దాన్ని మరిచిపోతున్నారు. ‘ఫర్ మి’లో ఉన్న మనిషి ‘ఐ’ అయి ముందుకు రావడం కూడా గమనించండి.

(ఈ) స్పెల్లింగ్. ‘టూ’కు రెండు ‘ఓ’లు, ‘టు’కు ఒకటే. నిజానికి పాత ఇంగ్లీషులో ఈ రెండూ ఒకటే మాట. తరువాతి కాలంలో తేడా తెలియడానికి ఒకదానికి ఇంకొక ‘ఓ’ తగిలించారు. హద్దు మించినదానికి అక్షరం కూడా ఒకటి ఎక్కువ అని గుర్తుపెట్టుకుంటే పొరపాటు జరగదు.

3. ఎదురుగా నిలబడే మాట – ‘ఇనఫ్’

‘టూ’ పని కాదని చెబితే, ‘ఇనఫ్’ పని అవుతుందని చెబుతుంది. రెండూ వాక్యంలో కూర్చునే చోటు వేరు. ‘టూ’ గుణం చెప్పే మాటకు ముందు వస్తుంది, ‘ఇనఫ్’ తరువాత వస్తుంది.

షి ఈజ్ టూ షార్ట్ టు రీచ్ ది షెల్ఫ్. (అల్మారా అందుకోలేనంత పొట్టి.)
షి ఈజ్ టాల్ ఇనఫ్ టు రీచ్ ది షెల్ఫ్. (అల్మారా అందుకునేంత పొడుగు.)

“ఇనఫ్ టాల్” అని రాయకూడదు. అయితే వస్తువు పేరు వచ్చినప్పుడు ‘ఇనఫ్’ ముందుకు వస్తుంది: ఇనఫ్ రైస్, ఇనఫ్ టైమ్, ఇనఫ్ మనీ.

4. మరికొన్ని జాగ్రత్తలు

‘టూ మచ్’, ‘టూ మెనీ’ వస్తువుల పేర్ల ముందు వస్తాయి. లెక్కపెట్టలేని వాటికి ‘మచ్’, లెక్కపెట్టగలిగే వాటికి ‘మెనీ’. “టూ మచ్ సాల్ట్ ఇన్ ది సాంబార్”, “టూ మెనీ బాయ్స్ ఇన్ వన్ రూమ్”. “ది బాక్స్ ఈజ్ టూ మచ్ హెవీ” అన్నది తప్పు. “టూ హెవీ” అంటే చాలు. ఇంకా గట్టిగా చెప్పాలంటే “మచ్ టూ హెవీ” అనాలి.

‘వెరీ’ని పోలిక చెప్పే మాటల ముందు పెట్టకూడదు. “వెరీ బెటర్” తప్పు, “మచ్ బెటర్” ఒప్పు. క్రియకు ముందు కూడా పెట్టకూడదు. “ఐ వెరీ లైక్ క్రికెట్” తప్పు, “ఐ లైక్ క్రికెట్ వెరీ మచ్” ఒప్పు.

వాక్యం చివర వచ్చే ‘టూ’కు ‘కూడా’ అని అర్థం. “మై బ్రదర్ స్టడీడ్ హియర్ టూ” అంటే మా అన్న కూడా ఇక్కడే చదివాడని. ఇందులో హద్దు లేదు, ‘నాట్’ లేదు.

“నాట్ టూ బ్యాడ్” అంటే మరీ అంత చెడ్డగా లేదు, ఫరవాలేదు అని. “ఐ యామ్ ఓన్లీ టూ గ్లాడ్ టు హెల్ప్” అంటే సంతోషంగా సాయం చేస్తానని. ఈ రెండో వాక్యంలో ‘టూ’, ‘టు’ రెండూ ఉన్నా ‘నాట్’ అర్థం రాదు. దీన్ని విడిగా గుర్తుపెట్టుకోండి.

సినిమా బాగుంటే “టూ గుడ్” అంటున్నారు కదా అని మీరు అడుగుతారు. స్నేహితుల మధ్య అనుకోవచ్చు, తప్పు పట్టేవారు లేరు. కానీ ఉత్తరంలో, ఇంటర్వ్యూలో, అధికారుల ముందు వాడకండి. “ఐ యామ్ టూ ఇంట్రెస్టెడ్ ఇన్ దిస్ జాబ్” అంటే ఎదుటివారికి మీ ఆసక్తి కంటే అతి ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ ‘వెరీ’ అనండి.

5. హద్దు ఎవరు గీశారు?

‘టూ’ ఉన్న ప్రతి వాక్యం వెనుకా ఒక హద్దు ఉంటుందని చెప్పుకున్నాం. కొన్ని హద్దులు ప్రకృతి పెట్టినవి. మరుగుతున్న నీళ్ళలో చెయ్యి పెట్టలేం. కొన్ని మాత్రం మనుషులు గీసినవి. వాటిని మనుషులే జరపగలరు.

మన దేశంలో ఒకప్పుడు ఓటు వేయడానికి 21 ఏళ్ళు నిండాలి. 1988లో 19 ఏళ్ళ యువకుడి గురించి ఇంగ్లీషులో రాయాలంటే “హి ఈజ్ టూ యంగ్ టు ఓట్” అనాలి. 61వ రాజ్యాంగ సవరణ 1989లో అమలులోకి వచ్చి ఓటు వయసు 18 అయింది. ఆ తరువాత 19 ఏళ్ళ యువకుడి గురించి “హి ఈజ్ ఓల్డ్ ఇనఫ్ టు ఓట్” అని రాయాలి. వయసు అదే 19. మారింది చట్టం.

ఇంకొక ఉదాహరణ మన ఇంటిది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. 16 ఏళ్ళు నిండనివారికి ఎవరెస్టు ఎక్కడానికి నేపాల్ అనుమతి ఇవ్వదు. ఆ నిబంధన ప్రకారం ఆమె “టూ యంగ్ టు క్లైంబ్”. అందుకని టిబెట్ వైపు నుంచి ఎక్కింది. 2014 మే 25న శిఖరం చేరింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. గురుకుల విద్యార్థే అయిన ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ కూడా ఆమెతో పాటు శిఖరం చేరాడు. కొండకు ఒక వైపున మరీ చిన్నదైన పిల్ల, రెండో వైపు నుంచి ఎక్కి పైన నిలబడింది. ఊరికే దారి మార్చుకున్నందువల్ల ఎక్కిందని అనుకోకండి. అంతకుముందు భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో శిక్షణ పొంది తనను తాను ‘స్ట్రాంగ్ ఇనఫ్’ చేసుకుంది.

6. మన మీద మనం వేసుకునే ‘టూ’

ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి మాకున్న అసలు కారణం చెబుతాం.

‘టూ’, ‘టు’ వాక్యాలు మార్చడం నేర్పే గైడ్లలో మేము చదువుకున్న ఉదాహరణలు దాదాపు అన్నీ ఒకే రకం. “హి ఈజ్ టూ పూర్ టు గో టు కాలేజ్.” “షి ఈజ్ టూ పూర్ టు బై బుక్స్.” వీటిని మేము వందసార్లు రాశాం. “హి ఈజ్ సో పూర్ దట్ హి కెనాట్ గో టు కాలేజ్” అని మార్చి, ఒప్పు గుర్తు వేయించుకున్నాం. వ్యాకరణం ప్రకారం అది నూటికి నూరుపాళ్ళు సరైన వాక్యం. అందుకే కాబోలు, అందులో చెప్పింది కూడా నిజమేనని మనసులో నాటుకుపోయింది.

మా బ్యాచ్‌లో ఒకడు పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. వాళ్ళ నాన్న కూలి పనికి పోయేవారు. సెలవుల్లో వాడు టౌనులో ఒక దుకాణంలో పనికి కుదిరాడు. కాలేజీలో ఎందుకు చేరలేదని అడగడానికి ఇద్దరు సీనియర్లు వెళ్ళారు. వాడు నవ్వుతూ, “అన్నా, టూ పూర్ టు గో టు కాలేజ్. మనం రాసిందే కదా” అన్నాడు.

ఆ అన్నలు వాడికి ధైర్య వచనాలు చెప్పి ఊరుకోలేదు. మాట మార్చినంత మాత్రాన ఫీజు కట్టినట్టు కాదని వాళ్ళకు తెలుసు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ సంగతి చెప్పారు. షెడ్యూల్డు కులాల విద్యార్థుల కోసం ఆ పథకం 1944లోనే మొదలైంది. కాలేజీ హాస్టల్‌కు దరఖాస్తు తెచ్చి ఇచ్చారు. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం మండల ఆఫీసు చుట్టూ వాడితో పాటు తిరిగారు. మొదటి నెల ఖర్చుకు తలా కొంత వేసుకున్నారు. వాడి పేదరికం ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. హద్దు మాత్రం కొంచెం పక్కకు జరిగింది. “హి ఈజ్ వెరీ పూర్, బట్ హి గోస్ టు కాలేజ్” అని రాయగలిగే స్థితి వచ్చింది. ఈ రోజు వాడు మాలో ఒకడు.

అంబేద్కర్ గారు 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో వెళ్ళారు. చదువు విలువ తెలిసిన ఆ చేయి ముందుకు రాకపోతే, ఆయన పేరు మీద కూడా ఎవరో ఒకరు ‘టూ పూర్’ అని రాసి మూసేసి ఉండేవారు.

‘వెరీ’ అన్న మాట పుట్టుక మీకు చెప్పలేదు. అది పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. మొదట దాని అర్థం ‘నిజమైన’ అని. ‘వెరీ పూర్’ అంటే ‘నిజంగా పేద’. నిజం చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. ఇంగ్లీషులో చాలా వెనకబడి ఉంటే “ఐ యామ్ వెరీ వీక్ ఇన్ ఇంగ్లీష్” అని చెప్పండి. అది నిజం. మేము నేర్పుతాం. “ఐ యామ్ టూ వీక్ టు లెర్న్ ఇంగ్లీష్” అనకండి. అందులో ‘నేర్చుకోలేను’ అన్న తీర్పు ఉంది. ఆ తీర్పు ఇంకా ఎవరూ ఇవ్వలేదు.

అలాగని ‘టూ’ చెడ్డ మాట అనుకోకండి. ఎక్కడ అనాలో అక్కడ గట్టిగా అనాలి. తాగే నీళ్ళు బాగుండకపోతే “ది వాటర్ ఈజ్ టూ డర్టీ టు డ్రింక్” అని చెప్పాలి. గది చాలకపోతే “ది రూమ్ ఈజ్ టూ స్మాల్ ఫర్ ట్వెంటీ బాయ్స్” అని రాయాలి. అక్కడ మొహమాటపడి ‘వెరీ’ అంటే విన్నవారు తల ఊపి వెళ్ళిపోతారు. ‘టూ’ అంటే ఇది ఇలా సాగడానికి వీల్లేదని అర్థం. జ్వరంతో ఉన్నవాడు కూడా “టూ సిక్ టు గో టు స్కూల్” అని చెప్పి పడుకోవాలి, బడాయికి పోకూడదు. సౌకర్యం తక్కువైనచోట, ఒంట్లో బాగాలేనిచోట ‘టూ’ వాడండి. మన చదువు మీద, మన తెలివి మీద, మన పుట్టుక మీద వాడే ముందు మాత్రం ఒక్క నిమిషం ఆగి, ఈ హద్దు ఎవరు గీశారని అడగండి.

అభ్యాసం

ఖాళీలలో వెరీ, టూ, ఇనఫ్ – వీటిలో సరైనది పెట్టండి.

1. ది టీ ఈజ్ ____ హాట్ టు డ్రింక్.
2. అవర్ కుక్ ఈజ్ ____ కైండ్. వియ్ ఆల్ లవ్ హర్.
3. హి ఈజ్ ఓల్డ్ ____ టు ఓట్.
4. దేర్ ఈజ్ ____ మచ్ సాల్ట్ ఇన్ ది కర్రీ. నోబడీ ఈజ్ ఈటింగ్ ఇట్.
5. థాంక్యూ సర్. యువర్ స్పీచ్ వజ్ ____ గుడ్.
6. ‘టూ’ తీసేసి రాయండి: ది ట్రంక్ వజ్ టూ హెవీ ఫర్ హిమ్ టు లిఫ్ట్.

జవాబులు: 1. టూ 2. వెరీ 3. ఇనఫ్ 4. టూ 5. వెరీ 6. ది ట్రంక్ వజ్ సో హెవీ దట్ హి కుడ్ నాట్ లిఫ్ట్ ఇట్.

ఏడో ప్రశ్నకు జవాబు మీరే రాయాలి. మీ గురించి మీరు మనసులో అనుకునే ‘టూ’, ‘టు’ వాక్యం ఒకటి రాయండి. దాని కిందనే ‘వెరీ’, ‘బట్’ పెట్టి తిరిగి రాయండి. ‘బట్’ తరువాత ఏమి రాయాలో తోచకపోతే ఖాళీ వదిలి, వచ్చే ఆదివారం సాయంత్రం తరగతికి ఆ కాగితం తీసుకురండి. కలిసి పూర్తి చేద్దాం.

– మీ సీనియర్లు, ఆదివారం తరగతి బృందం